మీసం కోసం మూడు బంతులు

నవంబరు 2, ఆదివారం

ముందుగా నా రాతకి క్షమించాలి. దీన్ని ఎవరూ చూడరు, నాకోసమే రాసుకుంటున్నాను, అయినా చెప్పుకోవడం మంచిది. ఆరో తరగతి సగంలో ఆపేశాను. ఒత్తులు నా మాట ఎప్పుడూ వినలేదు. పెన్సిలు చూస్తే నా చిటికెన వేలంత ఉంది, అక్షరాలు కత్తిపీట మీద తరిగినట్టు వస్తున్నాయి. మాటలు మాత్రం బడిలో నేర్పినట్టే రాస్తాను. ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే సూర్యకళ టీచరు వేళ్ళ మీద కొట్టేది. ఆ భయం ఇంకా ఉంది.

పుస్తకం నేనే కుట్టాను. మా ఆయన పనిచేసే గోల్ఫ్ క్లబ్బులో పెద్దమనుషులు ఎన్ని దెబ్బలకి బంతిని గుంటలో వేశారో రాసుకోవడానికి అట్టలుంటాయి. పాతవి పారేస్తుంటే డబ్బాల కింద పరుచుకోమని తెచ్చాడు. వెనకవైపు తెల్లగా ఉంది. వలదారంతో కుట్టి బియ్యం డబ్బాలో దాచాను. ఆయన బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టడు.

పెళ్ళయి ఎనిమిది నెలలు. ఆయన్ని ఇంకా ఏమనీ పిలవలేదు. గరిటెతో గిన్నె మీద కొడితే అన్నానికి వస్తాడు.

నవంబరు 4

కొంప ముంచాడు.

ఆయన పేరు సన్యాసిరాజు. క్లబ్బులో గడ్డి కోసే బండి నడుపుతాడు. అక్కడ అందరూ మీసాల సన్నీ అంటారు. ఈ నెల ఇరవై మూడున క్లబ్బు పుట్టినరోజట. ఈసారి పనివాళ్ళ ఇంటి ఆడవాళ్ళకి ఆట పెట్టారట. తలా మూడు బంతులు. కొండ వైపు నుంచి ఒక గెడ్డ మైదానం మధ్యలో పారుతుంది. ఒక్క బంతైనా దానికి అవతల పడాలి.

తిరుమలరావు అని, అక్కడ బ్యాగులు మోసేవాళ్ళకి పెద్ద. టీ తాగుతూ అన్నాడట:

“బావా, మీ ఆవిడ ఇంటికొచ్చినోల్లకి మంచినీల్లు తలుపు సాటునుంచి ఇత్తాది. సెయ్యి తప్ప మనిసి కనబడదు. గళాసు గాల్లో తేలుకుంటా వచ్చినట్టుంటాది. ఆవిడ కర్ర పడతాదేటి?”

అందరూ నవ్వారట. ఈయన మీసం మెలేశాడట.

“మా రత్నం బంతి గెడ్డ దాటకపోతే ఈ మీసం నున్నగా గీయించేత్తాను. దాటితే నీది నువ్వు గీయించాల. సరేనా?”

“సరే, కాసుకో.”

ఇదంతా నాకు చెప్పి “ఏటంటావు?” అన్నాడు. నేను గరిటె కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

“కడిగినంతసేపు కడుగు గాని, పరువు నీ సేతిలో ఎట్టేశాను,” అని పోయి పడుకున్నాడు.

ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాకు ఆ మీసం అసలు ఇష్టం లేదు. చారు పోస్తే ముందు మీసం తాగుతుంది, తర్వాత ఆయన తాగుతాడు. చేపల పులుసు పొద్దున వండితే సాయంత్రం దాకా అందులో ఉంటుంది. పెళ్ళిచూపుల్లో తల దించుకుని కూర్చున్నాను కదా, ఒకసారి కళ్ళెత్తితే మీసం కనబడింది, వెంటనే దించేశాను. మిగతా మొహం ఇప్పటికీ సరిగ్గా చూడలేదు. మీసం గుర్తుపట్టి అన్నం పెడుతున్నాను.

పోతే పోనీ. నాకేటి.

(బడి భాష తప్పింది. ఉండనీ.)

నవంబరు 5

నేను వెళ్ళను. జ్వరం తెచ్చుకుంటాను.

నవంబరు 6

ఉల్లిపాయ చంకలో పెట్టుకున్నాను. జ్వరం రాలేదు. వాసన వచ్చింది.

నవంబరు 7

ఆయన నా ఫోనుకి ఒక వీడియో పంపాడు. తెల్లటోపీ పెట్టుకున్న తెల్లాయన కర్ర ఎలా తిప్పాలో నేర్పుతాడు. ముక్కు ఎర్రగా ఉంది. అంతా ఇంగ్లీషు. నాకు ఎ నుంచి జెడ్ దాకా వచ్చు, ఆ తర్వాత ‘సారీ’ వచ్చు. తెల్లటోపీ ఆయన మాటిమాటికీ సారీ అంటున్నాడు. మర్యాదస్థుడు.

పదకొండుసార్లు చూశాను. ముందు ప్యాంటు పైకి లాక్కుంటాడు. కుడి భుజం దగ్గర చొక్కా పీక్కుంటాడు. ముక్కు కింద వేలితో రెండుసార్లు రుద్దుతాడు. గొంతు సవరిస్తాడు. అప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి, కర్ర వెనక్కి తీసి, ఒక్క క్షణం ఆగి, నడుంతో సహా తిప్పి కొడతాడు. కొట్టాక మన కళ్ళలోకి చూసి వేలితో కిందకి చూపిస్తాడు. అక్కడ చిన్న గంట బొమ్మ ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం మాటలు రాకపోయినా అర్థమైంది. తన తల మీద అరచెయ్యి పెట్టుకుని కిందకి నొక్కి చూపించాడు. బంతి పోయేదాకా తల ఎత్తకూడదట. దీనికోసం జనం వీడియోలు చూసి మరీ నేర్చుకుంటారా! నాకు పుట్టుకతోనే వచ్చు.

నవంబరు 8

ఆయన పనిలోకి పోయాక డాబా ఎక్కాను. కొండచీపురు తిరగేసి పట్టుకున్నాను. బంతి లేదు, నిమ్మకాయ పెట్టాను. ప్యాంటు లేదు కాబట్టి చీర కుచ్చిళ్ళు పైకి లాక్కున్నాను. మిగతావన్నీ అచ్చం తెల్లటోపీ ఆయనలాగే చేశాను.

ఆరు తప్పాయి. తగిలినవి నాలుగూ పిట్టగోడ దాటి ఎటో పోయాయి. నవ్వొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి నవ్వాను.

నవంబరు 9

ఆ నాలుగూ ఎటు పోయాయో తెలిసింది.

కింద వాటాలో ఉంటుంది ఇంటామె గంగాలమ్మ. పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు అమ్ముతుంది. వెనక రేకుల మీద చేపలు ఆరబెడుతుంది. పొద్దున్నే వీధి అదిరిపోయేలా అరిచింది.

“ఓలమ్మో! ఓలమ్మో! నా సేపల మీద నిమ్మకాయలు! ఒకటి గాదు, నాలుగు! నాలుగు దిక్కుల నుంచీ ఏసినారు! ఎవుడికే నా యాపారం మీద కన్ను?”

వీధి వీధంతా వచ్చింది. నిమ్మకాయల్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఎవరో చీపురుపుల్లతో కదిపి చూశారు. గంగాలమ్మ ఉప్పూ మిరపకాయలూ చేపల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. అందరం దగ్గాం. ఆ చేపలు ఇక అమ్మదట. అచ్యుతాపురం నుంచి మాంత్రికుణ్ణి పిలిపిస్తుందట.

నేనే అని చెప్పాలి. నోరు రాలేదు.

నవంబరు 10

మాంత్రికుడు రేపు వస్తాడని తెలిసింది. ఇక ఆగలేదు. చీపురూ ఒక నిమ్మకాయా పట్టుకుని గంగాలమ్మ గుమ్మంలోకి వెళ్ళాను. మాట రాలేదు కాబట్టి చేసి చూపించాను. కుచ్చిళ్ళు లాగాను. భుజం పీక్కున్నాను. ముక్కు కింద రెండుసార్లు రుద్దాను. గొంతు సవరించాను. కొట్టాను. నిమ్మకాయ ఆవిడ నీళ్ళ బిందెకి తగిలి ఠంగుమంది. చివర వేలితో కిందకి చూపించాను.

 గంగాలమ్మ మెల్లగా లేచి ఉప్పు డబ్బా తీసుకుంది.

“పట్టేసినాది,” అంది. “ఈ పిల్లకి పట్టేసినాది.”

నా చుట్టూ మూడుసార్లు తిప్పుతుంటే ఆయన పని నుంచి వచ్చాడు. నా చేతిలో చీపురు చూశాడు. నిమ్మకాయ చూశాడు. పందెం సంగతంతా ఆవిడకి చెప్పాడు. గంగాలమ్మ వింటూ వింటూ కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

“అయితే మాంత్రికుడొద్దని ఫోన్ సేసెయ్‌రా. ఈ పిల్లకి నానున్నాను. మీ మగోల్ల పందేలు తగలెయ్య, మీసం నీది, సిగ్గు దీనిదా?”

నవంబరు 11

సాధన మొదలైంది. ఆయన పెదనాన్న కొడుకు ఫ్యాక్టరీలో వెల్డింగు చేస్తాడు. క్లబ్బులో విరిగిన కర్ర ఇనపమూతిని నీళ్ళ గొట్టానికి అతికించి ఇచ్చాడు. ఎత్తితే చంటిపిల్లని ఎత్తినట్టుంది. ఆయన క్లబ్బు నుంచి తెచ్చిన బంతిని గంగాలమ్మ వలముక్కలో చుట్టి తాడుతో డాబా స్తంభానికి కట్టింది. కొడితే ఎగిరి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. ఒకసారి మరీ దగ్గరికి వచ్చింది. మోకాలు వాచింది.

నవంబరు 12

పొద్దున తలుపు సందులోంచి చూశాను. ఆయన అద్దం ముందు చిన్న కత్తెరతో మీసం సరిచేసుకుంటున్నాడు. ఒక్కో వెంట్రుకా చూసి మరీ. తర్వాత మీసంతో అన్నాడు, “ఇంకో పదకొండు రోజులురా. బెంగెట్టుకోకు. రత్నం ఉంది గదా.”

క్లబ్బులో గడ్డి కోసేవాళ్ళు ఎనిమిదిమంది. పెద్దమనుషులకి ఒక్కరి పేరూ తెలియదట. “ఏయ్ గడ్డీ” అని పిలుస్తారట. ఈయన్ని మాత్రం సన్నీ అంటారు. మీసం వల్ల. అది పోతే ఈయన కూడా ఏయ్ గడ్డీ.

అందుకని బంతి దాటాలి. మీసం మీద నాకేమీ ఇష్టం కలగలేదు. చారు తాగేటప్పుడు అటు చూడకపోతే సరిపోతుంది. పక్క నుంచి బాగానే ఉంటుంది. కిటికీ వెలుతురు పడినప్పుడు కొసలు రాగి రంగులో ఉంటాయి. నిద్రలో ఊపిరికి కదులుతుంది. అంతే. వేరే ఏమీ లేదు.

నవంబరు 15

వాన. ఇంట్లోనే తిప్పాను. ట్యూబులైటు పోయింది.

నవంబరు 16

కొత్త ట్యూబులైటు తెచ్చాడు. తిట్టలేదు. “ఎంత ఎత్తుకి లేపినావు!” అని మాత్రం అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకుంటున్నాను.

నవంబరు 18

పక్క వాటాలో చంద్రిక ఉంటుంది. డిగ్రీ చదువుతోంది. నేను డాబా మీద తిప్పుతుంటే చూసి అడిగింది.

“అక్కా, ముక్కు ఎందుకు రుద్దుతన్నావు?”

వీడియో చూపించాను. కొంచెం చూసి పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది.

“ఓలక్కా! ఆయనకి జలుబక్కా! ‘సారీ, జలుబు సేసింది, ఏటీ అనుకోకండి’ అంటన్నాడు. ఆ గొంతు సవరించడం కూడా జలుబే. సివర్న ఏలితో సూపించేది మనల్ని గంట నొక్కమని. కొత్త వీడియో వత్తే మనకి తెలిసేలాగ.”

పదకొండు రోజులుగా నేను ఆయన జలుబు నేర్చుకుంటున్నాను.

నవంబరు 19

జలుబు తీసేసి కొట్టాను. తగల్లేదు. ముప్ఫైసార్లు తగల్లేదు. ముక్కు రుద్దకపోతే నడుం తిరగడం లేదు, గొంతు సవరించకపోతే కర్ర లేవడం లేదు.

ఆయనకి చూపించాను. గడ్డం గోక్కుని ఆలోచించాడు. “ఉంచెయ్,” అన్నాడు. “ముక్కు నీదే గదా.”

“జనం నవ్వుతారు,” అన్నాను. అంత పొడుగు మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

నవంబరు 21

జనం ముందు ముక్కు రుద్దను. ఒట్టు.

నవంబరు 22

రేపే. అన్నం దిగలేదు. ఆయనకీ దిగలేదు. చారు మీసానికి అంటనే లేదు. మొదటిసారి అంటితే బాగుండుననిపించింది.

నవంబరు 23, ఆదివారం

చెయ్యి నొప్పిగా ఉంది, అయినా అంతా రాయాలి.

ఆటోలో వెళ్ళాం. గంగాలమ్మ కూడా వచ్చింది. ఆ గడ్డి చూసి చెప్పులు విప్పేశాను. ఆయన కోసిన గడ్డి. చాప పరిచినట్టుంది. ఎనిమిది నెలలుగా ఆయన ఏం పని చేస్తున్నాడో ఇప్పుడు చూశాను.

జనం చాలామంది. అందరి కాళ్ళూ చూశాను. తిరుమలరావు భార్య ధనలక్ష్మి నా ముందు ఆడింది. రెండో బంతికే దాటించింది. చప్పట్లు. తర్వాత సెక్రటరీ గారు మైకులో “శ్రీమతి నూకరత్నం గారు” అన్నారు. నన్ను గారు అనడం అదే మొదలు. ఎవరినో పిలుస్తున్నారనుకుని నేను కూడా పక్కకి చూశాను.

ఆయన కర్ర తెచ్చి ఇచ్చాడు. క్లబ్బు కర్ర. నీళ్ళ గొట్టం మోసి మోసి ఉన్న చేతులకి అది అగ్గిపుల్లలా ఉంది.

మొదటి బంతి. ముక్కు రుద్దలేదు. బలమంతా పెట్టి తిప్పాను. కర్ర గాలిలో పోయింది, దాని వెంట నేను పోయాను. ఒక చుట్టు తిరిగి జనానికి ఎదురుగా ఆగాను. బంతి పెట్టిన చోటే ఉంది. అది కూడా లెక్కేనట.

రెండో బంతి. ముక్కు రుద్దలేదు. తగిలింది. బుడుంగుమంది.

“బావా,” అని తిరుమలరావు అరిచాడు, “కొత్త బ్లేడు తెమ్మంటావా, పాతది సాలా?”

అందరూ నవ్వారు. అప్పుడు ఆయన వైపు ఓరగా చూశాను. ఆయన నవ్వడం లేదు, కోపంగానూ లేడు. అరచేత్తో మీసం కప్పుకున్నాడు. పిల్లాడికి ఉరుము వినబడకుండా చెవులు మూస్తాం చూడు, అలాగ.

నాకు ఏమైందో తెలియదు. కుచ్చిళ్ళు పైకి లాగాను. భుజం పీక్కున్నాను. ముక్కు కింద రుద్దాను, ఒకసారి, రెండోసారి. జనం గొల్లుమన్నారు. వెనక నుంచి గంగాలమ్మ గొంతు వినబడింది.

“నవ్వకండ్రా! అది పద్దతి! ఇంగిలీసోడు నేర్పినాడు!”

గొంతు సవరించాను. మోకాళ్ళు వంచాను. వెనక్కి తీసి, ఆగి, తిప్పాను.

తగిలింది. తల ఎత్తలేదు. బంతి పోయిన చోట గడ్డినే చూస్తున్నాను. టప్, అని వినబడింది. నీళ్ళు. అయిపోయింది అనుకున్నాను. మళ్ళీ టప్. మళ్ళీ టప్. చిన్నప్పుడు పెంకులు విసిరితే నీళ్ళ మీద గెంతుకుంటూ పోయేవి, ఆ చప్పుడే. తర్వాత చప్పుడు లేదు. నేను అలవాటు ప్రకారం వేలితో కిందకి చూపించాను. అందరూ నా కాళ్ళ దగ్గర ఏముందా అని చూశారట.

ఆ తర్వాత గోల.

“నీల్లలో పడింది! సెల్లదు!” తిరుమలరావు.

“అవతల గట్టు మీదుందిరా, కల్లు కనబడవా?” ఆయన.

“నీల్లు తగిలింది గదా! దాటడమంటే పైనుంచి దాటాల!”

గంగాలమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చిందట. “మా పడవ నీల్లు తగిలే అవతలికి పోతాది. దాటనేదంటావేటి? ఎగిరెల్లిపోవాలా?”

సెక్రటరీ గారు మైకులో అడిగారు. “బంతి ఇప్పుడు అవతల ఉందా, లేదా?”

“ఉంది,” అన్నాడు తిరుమలరావు. ఏడుపు గొంతు.

“అయితే దాటింది.”

ఇదంతా నేను విన్నాను, చూడలేదు. తల దించే ఉన్నాను. ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కాళ్ళు గుర్తుపట్టాను.

“రత్నం, తలెత్తు. అయిపోనాది.”

ఎత్తాను. మీసం దాకా వచ్చి, అలవాటుగా ఆగబోయి, ఇంకొంచెం ఎత్తాను. పైన కళ్ళున్నాయి. తడిగా ఉన్నాయి.

“దాటిందా, మావా?” అన్నాను.

మైకు పక్కనే ఉందట. క్లబ్బంతా విందట.

నవంబరు 24

చెప్పినా ఎవరూ నమ్మరు.

సోమవారం క్లబ్బుకి సెలవు. నా చేతులు లేవడం లేదని ఈరోజు వంట ఆయనే చేస్తానన్నాడు. నేను పడుకున్నాను. చాలాసేపటికి మాడు వాసన వచ్చింది. “ఇప్పుడే వత్తాను,” అని బయటకి పోయాడు.

గంట తర్వాత తలుపు కొట్టారు. కొంచెం తీసి అలవాటుగా సగం చూశాను. ఎవరో నున్నటి మూతి మగమనిషి, నవ్వుతున్నాడు.

“మా ఆయన ఇంట్లో లేడన్నా, సాయంత్రం రా,” అని తలుపేసేశాను.

మళ్ళీ కొట్టాడు. “రత్నం, నానే.”

గొంతు ఆయనదే, మూతి ఆయనది కాదు. కెవ్వుమన్నాను. గంగాలమ్మ చేపల కత్తితో వచ్చింది. “ఎవుడ్రా నువ్వు, మొగుడు లేని ఏల సూసి?” అని మెడ పట్టుకుంది. ఆయన గుర్తింపు కార్డు తీసి చూపించాడు. అందులో మీసం ఉంది. ఇంకా అనుమానం వచ్చింది ఆవిడకి.

చివరికి లోపల కూర్చోబెట్టాను. “గెలిచాం కదా మావా, ఎందుకు?”

“నీకిష్టం నేదు గదా,” అన్నాడు తల దించుకుని. ఈసారి తల దించుకున్నది ఆయన. “సారు ముందు మీసం తాగుతాది, తరవాత నాను తాగుతాను గదా.”

అది ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పుస్తకం బియ్యం డబ్బాలో ఉంది. ఈరోజు వంట ఆయన చేశాడు.

“ఎంతవరకు చదివావు?”

“నాలుగో తారీకు దాకా. నీ రాత కూడబలుక్కునేసరికి అన్నం మాడిపోనాది. ఇంకేటి సదివేది, పొయ్యి కట్టేసి మంగలి కాడికి పోనాను. పక్క కుర్సీలో తిరుమలరావున్నాడు. ‘ఓడినోన్ని నాను, గెలిసినోడివి నీకేటి బావా?’ అని ఏడుపాపుకోలేకపోనాడు.”

నాలుగో తారీకు దాకా! పన్నెండో తారీకు ఎనిమిది అట్టల అవతలే ఉంది.

నవంబరు 25

ఇది చదివేవాడికి.

ఎవరూ చదవరనుకుని మొదలుపెట్టాను. ఇప్పుడు నువ్వు చదువుతావని తెలిసి రాస్తున్నాను మావా. నాలుగో తారీకు మర్చిపో. పన్నెండు చదువు. పొయ్యి మీద ఏమీ లేనప్పుడు చదువు.

ఈరోజు క్లబ్బులో ముగ్గురు పెద్దమనుషులు కొట్టేముందు ముక్కు కింద రుద్దుకున్నారని చెప్పావు. వాళ్ళకి అది జలుబని చెప్పకు. నిన్ను ఎవరూ గుర్తుపట్టలేదని, “ఏయ్ గడ్డీ” అన్నారని కూడా చెప్పావు. నువ్వు బండి ఆపి, “గడ్డి కాదు బాబూ, నాను నూకరత్నం మొగుణ్ణి,” అన్నావట. అప్పుడు లేచి వచ్చి చెయ్యి కలిపారట. ఆ మాట నువ్వు చెప్తుంటే నేను గరిటె కడుగుతున్నాను. అది అప్పటికే కడిగిన గరిటె.

మీసం పెంచు. పెరిగేలోపు నీ మొహం మొత్తం ఒకసారి చూసుకుంటాను, ఎటూ తల ఎత్తడం వచ్చింది కదా. చారు ఎంత తాగినా ఏమీ అనను.

ఈ పుస్తకం మాత్రం కాల్చెయ్. నేను మొగుణ్ణి పట్టుకుని అన్నా అన్న సంగతి ఇందులో ఉంది. గంగాలమ్మ ఎలాగూ పూర్ణా మార్కెట్ దాకా మోసేస్తుంది, కాని నా చేతిరాతతో సాక్ష్యం ఉండకూడదు. బియ్యం డబ్బాలో మళ్ళీ పెట్టకు, డాబా మీదకి తీసుకెళ్ళి కాల్చెయ్. వలదారం కంపు కొడుతుంది, గాలివాటం చూసుకో, కింద ఆవిడ చేపలున్నాయి.

కాల్చేముందు ఇరవై మూడో తారీకు అట్టలు చింపి నాకివ్వు.